ఆకు సారం బ్యాక్టీరియాను అడ్డుకుంటుందో లేదో పరీక్షించడం ఎలా?

ఔషధ మొక్కల ఆకులపై ప్రాజెక్టు చేసే డిగ్రీ, పీజీ విద్యార్థులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఒకటుంది: "వేపాకు సారం చుట్టూ 18 మిల్లీమీటర్ల వలయం వచ్చింది, తులసికి 12 మాత్రమే వచ్చింది. వేపే ఎక్కువ బలంగా పనిచేస్తుందని రాయవచ్చా?" రాయకూడదు. ఎందుకు రాయకూడదో, ఏం చేస్తే నలుగురి ముందు పెట్టదగిన ఫలితం చేతికి వస్తుందో ఆకు కోయడం మొదలుకొని వరుసగా చెబుతాను.

సిద్ధాంతం ఒక్క పేరాతో సరిపెడతాను. అగార్‌లో గుంట తవ్వి సారం పోసినప్పుడు అందులోని పదార్థాలు చుట్టూ ఉన్న అగార్‌లోకి పాకుతాయి, అవి తగినంత గాఢతలో చేరిన మేర బ్యాక్టీరియా పెరగదు, ఆ ఖాళీనే నిరోధ వలయం అంటాం. కాబట్టి వలయం వెడల్పు పదార్థం బలాన్ని బట్టే కాక, అది అగార్‌లో ఎంత దూరం పాకగలదన్న దాన్ని బట్టి కూడా మారుతుంది. నీటిలో తేలికగా కరిగే చిన్న అణువులు దూరం పోతాయి. నూనె స్వభావం ఉన్న టెర్పీన్లు, పెద్ద అణువులైన టానిన్లు ఎంత బలమైనవైనా గుంట అంచు దగ్గరే ఆగిపోవచ్చు. అందుకే వలయాన్ని "ప్రభావం ఉందా, లేదా" అన్న ప్రశ్నకు జవాబుగా మాత్రమే తీసుకోవాలి. "ఎంత ప్రభావం" అన్న ప్రశ్నకు జవాబు కనిష్ఠ నిరోధక గాఢత, అంటే ఎంఐసీ చెబుతుంది.

మొదలుపెట్టే ముందు

ఈ పరీక్షలను ఇంట్లో చేయకూడదు. స్టఫిలోకాకస్ ఆరియస్, సూడోమోనాస్ ఎరుజినోసా రెండూ మనుషులకు జబ్బు చేసే బ్యాక్టీరియాలు. వాటికి రెండో స్థాయి జీవభద్రత ఉన్న ప్రయోగశాల, శిక్షణ పొందిన పర్యవేక్షకులు ఉండాలి. మీ కళాశాలలో ఆ వసతి లేకపోతే బాసిల్లస్ సబ్‌టిలిస్, ఈ.కోలై కె-12 రకాలతో పద్ధతి మొత్తం నేర్చుకోవచ్చు. గాయాల నుంచి గానీ మురుగునీటి నుంచి గానీ తెచ్చిన గుర్తుతెలియని బ్యాక్టీరియాను ఏ పరిస్థితిలోనూ వాడకండి. ఇంకొక మాట: మిథనాల్ విషపదార్థం, ఇథనాల్‌కు చటుక్కున నిప్పంటుకుంటుంది. రెండింటినీ ఫ్యూమ్ హుడ్‌లో, మంటకు దూరంగా మాత్రమే వాడాలి.

కావలసినవి

సారం తీయడానికి: నీడన ఆరబెట్టిన ఆకు పొడి, 70 లేదా 80 శాతం ఇథనాల్ లేదా మిథనాల్, స్టెరైల్ డిస్టిల్డ్ వాటర్, మూత ఉన్న గాజు ఫ్లాస్కులు, షేకర్, మస్లిన్ గుడ్డ, వాట్‌మన్ నంబర్ 1 ఫిల్టర్ పేపరు, రోటరీ ఎవాపరేటర్ లేదా వాటర్ బాత్, సారాన్ని తిరిగి కరిగించడానికి డీఎంఎస్ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావణి), మిల్లీగ్రాముల్లో తూచగల త్రాసు.

పరీక్షకు: ముల్లర్ హింటన్ అగార్, అదే పేరుతో వచ్చే ద్రవ మాధ్యమం, 90 మిల్లీమీటర్ల పెట్రీ ప్లేట్లు, స్టెరైల్ కాటన్ స్వాబ్‌లు, 6 మిల్లీమీటర్ల కార్క్ బోరర్, మైక్రోపిపెట్లు, 96 గుంటల మైక్రోటైటర్ ప్లేటు, రెసాజురిన్ (బతికున్న బ్యాక్టీరియాను రంగు మార్పుతో చూపే పదార్థం), 10 మైక్రోగ్రాముల జెంటామైసిన్ (యాంటీబయాటిక్) డిస్కులు, ఎంఐసీ పరీక్షకు జెంటామైసిన్ పొడి, ఆటోక్లేవ్, ఇంక్యుబేటర్. బ్యాక్టీరియా విషయంలో ప్రపంచమంతటా ప్రామాణికంగా వాడే రకాలు తీసుకోండి. స్టఫిలోకాకస్ ఆరియస్ ఏటీసీసీ (అమెరికన్ టైప్ కల్చర్ కలెక్షన్) 25923, ఈ.కోలై ఏటీసీసీ 25922 ఉంటే మొదటి పనికి చాలు, ఎందుకంటే ఒకటి గ్రామ్ పాజిటివ్, మరొకటి గ్రామ్ నెగెటివ్ (కణాన్ని కప్పే పొరల్లో తేడా ఉన్న రెండు వర్గాలు).

దశలవారీగా

1. మొక్కను ధ్రువీకరించుకోండి. ఆకు ఒక్కటే పట్టుకొచ్చి పేరు రాసేసుకోవడం సరికాదు. పువ్వో కాయో ఉన్న కొమ్మను వృక్షశాస్త్ర నిపుణులకు చూపించి శాస్త్రీయ నామం రాయించుకోండి, అదే కొమ్మను హెర్బేరియం షీటుగా అతికించి సంఖ్య వేసి భద్రపరచండి. కోసిన నెల, ఆకు లేతదా ముదురుదా అన్నది కూడా రాసుకోవాలి, ఎందుకంటే ఒకే మొక్కలో ఫినాలిక్ పదార్థాల మోతాదు కాలాన్ని బట్టి, ఆకు వయసును బట్టి మారుతుంది. పురుగు పట్టిన ఆకులనూ, మందు చల్లిన తోటలో ఆకులనూ తీసుకోకండి. పురుగుమందు అవశేషమే బ్యాక్టీరియాను ఆపితే, ఆ ప్రభావాన్ని మీరు ఆకుకు అంటగట్టే ప్రమాదం ఉంది.

2. కడిగి నీడన ఆరబెట్టండి. పారే నీటిలో రెండు మూడు సార్లు, చివరగా డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, గాలి ఆడే చోట పలుచగా పరచండి. ఆకు చేత్తో నలిపితే పెళపెళ విరిగి పొడి కావాలి, మెత్తగా మడత పడుతుంటే ఇంకా తేమ ఉన్నట్టే. తేమతో దాచిన పొడికి బూజు పడుతుంది, ఆ బూజు విడుదల చేసే పదార్థాలు కూడా బ్యాక్టీరియాను అడ్డుకోగలవు. వాన రోజుల్లో నీడన ఆరకపోతే 40 డిగ్రీల సెల్సియస్ మించకుండా ఓవెన్‌లో ఆరబెట్టవచ్చు. తులసి, తమలపాకు వంటి సువాసన ఆకులను మాత్రం వేడికి పెట్టకండి, వాటిలో పనిచేసే యూజినాల్ వంటివి ఆవిరైపోతాయి. ఆరాక పొడిచేసి, జల్లించి, గాలి చొరబడని సీసాలో చీకటిలో ఉంచండి.

3. సారం తీయండి. 20 గ్రాముల పొడికి 200 మిల్లీలీటర్ల ద్రావణి పోసి, మూత పెట్టి, గది ఉష్ణోగ్రత వద్ద 24 నుంచి 72 గంటలు షేకర్‌పై ఉంచండి. షేకర్ లేకపోతే రోజుకు కొన్ని సార్లు చేత్తో కదిపినా సరిపోతుంది. ఏ ద్రావణి వాడాలన్న సందేహం అందరికీ వస్తుంది. ఒక్కటే వాడగలిగితే 70 లేదా 80 శాతం ఇథనాల్ ఎంచుకోండి, ధ్రువ స్వభావం ఉన్న వాటినీ లేనివాటినీ కొంత మేర రెండింటినీ లాగుతుంది. సంప్రదాయ కషాయంతో పోల్చాలనుకుంటే నీటి సారం కూడా పక్కన తీయండి, కానీ నీటి సారం త్వరగా పాడవుతుంది కాబట్టి 24 గంటలకు మించి గది ఉష్ణోగ్రతలో ఉంచకూడదు. నానాక మస్లిన్ గుడ్డతో, తర్వాత ఫిల్టర్ పేపరుతో వడకట్టండి.

4. ద్రావణిని పూర్తిగా తొలగించండి. తప్పులు ఎక్కువగా జరిగేది ఈ దశలోనే. రోటరీ ఎవాపరేటర్‌లో 40 డిగ్రీల వద్ద, అది లేకపోతే ముందుగా తూచిన వెడల్పాటి గాజు గిన్నెలో ఫ్యూమ్ హుడ్ లోపల వాటర్ బాత్ మీద అంతే వేడితో ఆరనివ్వండి. చివరకు జిగురుగానో పొడిగానో ముద్ద మిగులుతుంది. వాసన పోయిందనిపించగానే ఆపేయకండి. గిన్నెను తూచి, మరికొన్ని గంటలు ఆరబెట్టి, మళ్ళీ తూచండి. రెండు బరువుల మధ్య తేడా లేనప్పుడే ద్రావణి పోయిందని అర్థం. మిగిలిపోయిన ఇథనాల్ తానే బ్యాక్టీరియాను చంపి, మీకు లేని ప్రభావాన్ని చూపిస్తుంది. తర్వాత దిగుబడి లెక్క వేయండి: 20 గ్రాముల పొడి నుంచి 2.4 గ్రాముల సారం వస్తే దిగుబడి 12 శాతం.

5. స్టాక్ ద్రావణం చేసుకోండి. 1 గ్రాము సారాన్ని డీఎంఎస్ఓలో కరిగించి 10 మిల్లీలీటర్లు చేస్తే మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల గాఢత వస్తుంది. అడుగున మడ్డి మిగిలితే ఆ గాఢత నిజం కాదు, అప్పుడు సోనికేటర్‌లో పెట్టండి లేదా గాఢత తగ్గించి మళ్ళీ చేయండి. 0.22 మైక్రాన్ల ఫిల్టర్ గుండా పంపేటప్పుడు డీఎంఎస్ఓను తట్టుకునే పీటీఎఫ్‌ఈ పొర ఎంచుకోండి, సెల్యులోజ్ అసిటేట్ పొర అందులో కరిగిపోతుంది. కొంచెం స్టాక్‌ను నీటిలో పలుచన చేసి పీహెచ్ కాగితంతో చూడండి. బాగా పులుపు తిరిగి ఉంటే ఆ ఆమ్లత్వమే బ్యాక్టీరియాను ఆపే అవకాశం ఉంది కాబట్టి, అదే పీహెచ్ ఉన్న సారం లేని ద్రావణాన్ని అదనపు కంట్రోల్‌గా (పోల్చి చూసే నమూనాగా) పెట్టండి. ఒక చుక్క స్టాక్‌ను ఖాళీ అగార్‌పై వేసి రాత్రంతా ఉంచండి, ఏదైనా మొలిస్తే ఆ స్టాక్ పనికిరాదు. మంచి స్టాక్‌ను చిన్న చిన్న గొట్టాల్లో పంచి, ఫ్రీజర్‌లో చీకటిలో దాచండి.

6. అగార్ ప్లేట్లు పోయండి. లీటరుకు 38 గ్రాముల ముల్లర్ హింటన్ అగార్ కలిపి, 121 డిగ్రీల వద్ద 15 నిమిషాలు ఆటోక్లేవ్ చేసి, 45 నుంచి 50 డిగ్రీలకు చల్లారాక ఒక్కో ప్లేటుకు సుమారు 25 మిల్లీలీటర్లు సమతలంగా ఉన్న బల్లపై పోయండి. మందం 4 మిల్లీమీటర్లు ఉండాలి. పలుచని అగార్‌లో వలయం పెద్దదిగా, మందపు అగార్‌లో చిన్నదిగా కనిపిస్తుంది కాబట్టి చూపు మేరకు పోయకుండా కొలిచి పోయండి.

7. బ్యాక్టీరియా సాంద్రతను సరిచేయండి. 18 నుంచి 24 గంటల వయసున్న కాలనీలను మూడు నాలుగు తీసుకొని స్టెరైల్ సెలైన్‌లో కలిపి, 0.5 మెక్‌ఫార్లాండ్ (బ్యాక్టీరియా సాంద్రతను అంచనా వేసే ప్రమాణ ద్రవం) మసకతో పోల్చండి. ఆ ప్రమాణాన్ని మీరే చేసుకోవచ్చు: 1 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం 99.5 మిల్లీలీటర్లు తీసుకొని, అందులో 1.175 శాతం బేరియం క్లోరైడ్ డైహైడ్రేట్ ద్రావణం 0.5 మిల్లీలీటర్లు కలుపుతూ పోయండి. ఆమ్లాన్ని పలుచన చేసేటప్పుడు ఆమ్లాన్ని నీటిలో పోయాలే తప్ప నీటిని ఆమ్లంలో పోయకూడదు. స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంటే 625 నానోమీటర్ల వద్ద 0.08 నుంచి 0.13 మధ్య రీడింగు రావాలి. లేకపోతే నల్ల గీతలు గీసిన తెల్ల కాగితాన్ని రెండు గొట్టాల వెనక పెట్టి చూడండి, గీతలు రెండింటిలోనూ ఒకే మసకలో కనిపించాలి. ఈ స్థాయిలో మిల్లీలీటరుకు దాదాపు 15 కోట్ల కణాలుంటాయి. 15 నిమిషాల్లోపు వాడేయాలి, లేదంటే సంఖ్య మారిపోతుంది.

8. ప్లేటుపై పరిచి గుంటలు తవ్వండి. స్వాబ్‌ను ముంచి, గొట్టం గోడకు ఒత్తి అదనపు ద్రవం పిండేసి, ప్లేటంతా రుద్దండి. తర్వాత ప్లేటును 60 డిగ్రీలు తిప్పి రెండోసారి, మళ్ళీ తిప్పి మూడోసారి రుద్ది, చివరగా అంచు చుట్టూ ఒకసారి తిప్పండి. మూడు నుంచి ఐదు నిమిషాలు ఆరనిచ్చి, స్టెరైల్ కార్క్ బోరర్‌తో గుంటలు తవ్వండి. కేంద్రం నుంచి కేంద్రానికి కనీసం 24 మిల్లీమీటర్ల దూరం ఉండాలి. గుంటలోని అగార్ బిళ్ళను సూదితో తీసేటప్పుడు చుట్టుపక్కల అగార్ ప్లేటు నుంచి లేచిందంటే సారం అడుగు నుంచి పాకి వంకర వలయం వస్తుంది. దాన్ని నివారించడానికి ప్రతి గుంటలో ఒక చుక్క కరిగిన అగార్ వేసి అడుగు మూసేయండి. ఇది చిన్న పనే, కానీ గజిబిజి ఫలితాలను చాలావరకు తప్పిస్తుంది. ఆ తర్వాత గుంటకు 50 మైక్రోలీటర్ల సారం వేయండి.

ప్రతి ప్లేటుపైనా రెండు కంట్రోళ్ళు తప్పనిసరి: ఒక గుంటలో అంతే పరిమాణంలో ఉత్త డీఎంఎస్ఓ, ఒక చోట జెంటామైసిన్ డిస్కు. గుంటలకు బదులు కాగితపు డిస్కులు వాడేవారు సారాన్ని డీఎంఎస్ఓలో కాక మిథనాల్‌లో కరిగించి, డిస్కులపై వేసి పూర్తిగా ఆరనిచ్చి వాడాలి, డీఎంఎస్ఓ మామూలుగా ఆరదు. అప్పుడు నెగెటివ్ కంట్రోల్ కూడా మిథనాల్ వేసి ఆరబెట్టిన డిస్కే కావాలి.

9. ఇంక్యుబేట్ చేసి కొలవండి. 35 డిగ్రీల వద్ద 16 నుంచి 18 గంటలు ఉంచండి. డిస్కులు మాత్రమే ఉన్న ప్లేట్లను తలకిందులుగా పెట్టాలి, గుంటల్లో ద్రవం ఉన్న ప్లేట్లను మాత్రం నిటారుగానే ఉంచాలి. మూత తెరవకుండా, నల్లని ఉపరితలానికి కాస్త పైన పట్టుకొని, ప్లేటు అడుగు వైపు నుంచి కాలిపర్‌తో వలయం వ్యాసాన్ని ఒకదానికొకటి అడ్డంగా ఉన్న రెండు దిశల్లో కొలిచి సగటు తీయండి. వలయం లోపల పలుచని పొరలా పెరుగుదల కనిపిస్తే, పూర్తిగా పెరుగుదల ఆగిన అంచు వరకే కొలిచి, "మసక వలయం" అని పక్కన రాయండి. గుంట వెడల్పు కలిపి కొలిచారో తీసేసి కొలిచారో స్పష్టంగా చెప్పాలి. కలిపి కొలిస్తే 6 మిల్లీమీటర్లు అంటే ప్రభావం లేదనే అర్థం.

10. ఎంఐసీ కనుక్కోండి. వలయం ఇచ్చిన సారాలన్నింటికీ, వీలైతే వలయం ఇవ్వని వాటికి కూడా ఇది చేయండి. ద్రవ మాధ్యమం 980 మైక్రోలీటర్లకు స్టాక్ 20 మైక్రోలీటర్లు కలిపితే మిల్లీలీటరుకు 2000 మైక్రోగ్రాములవుతుంది. దీన్ని 96 గుంటల ప్లేటులో మొదటి గుంటలో 200 మైక్రోలీటర్లు, రెండు నుంచి ఎనిమిది వరకు గుంటల్లో ఉత్త మాధ్యమం 100 మైక్రోలీటర్లు పోయండి. ఒకటి నుంచి 100 మైక్రోలీటర్లు తీసి రెండులో కలపండి, రెండు నుంచి మూడులోకి, అలా ఎనిమిది దాకా వెళ్ళి చివరి 100 మైక్రోలీటర్లు పారేయండి. 0.5 మెక్‌ఫార్లాండ్ ద్రవాన్ని మాధ్యమంతో 150 రెట్లు పలుచన చేసి ప్రతి గుంటలో 100 మైక్రోలీటర్లు కలపండి. ఇప్పుడు గాఢతలు 1000తో మొదలై, ప్రతి గుంటకూ సగమవుతూ, ఎనిమిదో గుంటకు మిల్లీలీటరుకు 7.8 మైక్రోగ్రాములకు చేరతాయి. బ్యాక్టీరియా మిల్లీలీటరుకు 5 లక్షలు, డీఎంఎస్ఓ మొదటి గుంటలో సైతం 1 శాతమే ఉంటుంది. మరో వరుసలో సారానికి బదులు జెంటామైసిన్‌ను ఇలాగే పలుచన చేసి పెట్టండి. 16 నుంచి 20 గంటల తర్వాత, 11వ దశకు కావలసిన ద్రవం ముందుగా తీసుకొని, 0.015 శాతం రెసాజురిన్ 30 మైక్రోలీటర్లు వేసి, రెండు నుంచి నాలుగు గంటలు ఆగండి. గులాబీ రంగుకు మారితే బ్యాక్టీరియా బతికి ఉంది, నీలంగానే ఉంటే లేదు. నీలంగా నిలిచిన అతి తక్కువ గాఢతే ఎంఐసీ.

ఆకు సారాల్లో పత్రహరితం వల్ల గుంట ముదురు ఆకుపచ్చగా ఉండి మసక కంటికి కనిపించదు, అందుకే రెసాజురిన్ సాయం తీసుకుంటున్నాం. అయితే ఆక్సీకరణాన్ని నిరోధించే ఫినాలిక్ పదార్థాలు ఎక్కువగా ఉన్న సారం, బ్యాక్టీరియా లేకపోయినా రెసాజురిన్‌ను తానే గులాబీగా మార్చగలదు. కాబట్టి సారం, మాధ్యమం, రెసాజురిన్ మాత్రమే ఉండి బ్యాక్టీరియా లేని వరుస ఒకటి తప్పక పెట్టండి. ఆ వరుస గులాబీ అయితే రంగును నమ్మకుండా తర్వాతి దశను ఆధారం చేసుకోవాలి.

11. చంపుతోందా, ఆపుతోందా చూడండి. రెసాజురిన్ వేసే ముందే ప్రతి గుంట నుంచి 10 మైక్రోలీటర్లు తీసి తాజా అగార్‌పై పరిచి రాత్రంతా ఉంచండి. మొదట మిల్లీలీటరుకు 5 లక్షలు వేశాం. 99.9 శాతం చనిపోతే మిగిలేది 500, అంటే 10 మైక్రోలీటర్లలో 5 కాలనీలు. అయిదుకు మించకుండా ఉన్న కనిష్ఠ గాఢతను ఎంబీసీగా (బ్యాక్టీరియాను చంపే కనిష్ఠ గాఢతగా) రాయండి. అది ఎంఐసీకి నాలుగు రెట్ల లోపు ఉంటే చంపే స్వభావం ఉందంటారు.

12. అన్నీ ఆటోక్లేవ్ చేయండి. ప్లేట్లు, స్వాబ్‌లు, పిపెట్ టిప్పులు ఏవీ నేరుగా చెత్తలో పడకూడదు. 121 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఆటోక్లేవ్ చేశాకే పారేయాలి. ద్రావణుల వ్యర్థాన్ని సింకులో పోయకుండా విడిగా సేకరించాలి.

ఫలితం నమ్మదగినదేనా?

ముందుగా జెంటామైసిన్ వలయాన్ని చూడండి. ఈ.కోలై 25922కి 19 నుంచి 26 మిల్లీమీటర్లు, స్టఫిలోకాకస్ ఆరియస్ 25923కి 19 నుంచి 27 మిల్లీమీటర్లు రావాలి. ఆ హద్దు దాటితే తప్పు సారానిది కాదు, అగార్ మందంలోనో బ్యాక్టీరియా సాంద్రతలోనో డిస్కులోనో ఉంది. ఆ ప్లేటు మీద ఉన్న అంకెలేవీ వాడకండి. డీఎంఎస్ఓ గుంట చుట్టూ వలయం వచ్చినా అంతే. దాన్ని సారం వలయం నుంచి తీసివేసి లెక్క సరిచేయడం కొందరు చేస్తుంటారు గానీ అది సరైన పని కాదు. డీఎంఎస్ఓ గాఢత తగ్గించి మళ్ళీ చేయాలి.

వలయం అస్సలు రాకపోతే నిరుత్సాహపడి ఆ మొక్కను వదిలేయకండి. ఈ.కోలై, సూడోమోనాస్ వంటి గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియాకు వెలుపలి పొర ఒకటి అదనంగా ఉంటుంది, అది చాలా మొక్కల పదార్థాలను లోపలికి రానివ్వదు. స్టఫిలోకాకస్‌పై పనిచేసి ఈ.కోలైపై పనిచేయకపోవడం మామూలుగా కనిపించే ఫలితమే. రెండింటిపైనా వలయం లేకున్నా ఎంఐసీలో ప్రభావం బయటపడవచ్చు, అగార్‌లో పాకలేని పదార్థం ద్రవంలో బ్యాక్టీరియాను నేరుగా తాకుతుంది.

ఒకే ప్లేటులో మూడు గుంటలు పెట్టి "మూడు సార్లు చేశాం" అని రాయడం చాలా రిపోర్టుల్లో కనిపించే పొరపాటు. అవి ఒకే బ్యాక్టీరియా ద్రవం, ఒకే రోజు అగార్. వేర్వేరు రోజుల్లో తాజా కాలనీలతో మూడు సార్లు చేసి సగటు, ప్రామాణిక విచలనం రాయాలి. వీలైతే రెండో విడత కోసిన ఆకులతో కూడా సారం తీయండి, ఒకే విడతలో వచ్చిన ఫలితం ఆ విడతకే పరిమితమై ఉండవచ్చు. ఎంఐసీలో ఒక గుంట అటూ ఇటూ తేడా రావడం పద్ధతిలో సహజమే, 250 ఒకసారి, 500 మరోసారి వస్తే కంగారు పడనక్కరలేదు. నాలుగు రెట్లు మారితే మాత్రం ఎక్కడో పొరపాటు జరిగింది.

అంకెలను చదివేటప్పుడు మోతాదు మరవకండి. గుంటలో వేసిన 50 మైక్రోలీటర్లలో 5 మిల్లీగ్రాముల సారం ఉంది, జెంటామైసిన్ డిస్కులో ఉన్నది 10 మైక్రోగ్రాములు మాత్రమే. అంటే సారం బరువు 500 రెట్లు ఎక్కువ. అలాంటప్పుడు "యాంటీబయాటిక్‌తో సమానమైన వలయం" అని రాస్తే చదివేవారిని తప్పుదారి పట్టించినట్టే అవుతుంది. ముడి సారాలకు మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల లోపు ఎంఐసీ వస్తే దాన్ని లోతుగా పరిశీలించదగిన ఫలితంగా పరిశోధకులు సాధారణంగా భావిస్తారు, 1000 మైక్రోగ్రాములు దాటితే బలహీనమని చెబుతారు.

పట్టికలో మొక్క శాస్త్రీయ నామం, హెర్బేరియం సంఖ్య, ద్రావణి, దిగుబడి శాతం, గుంటలో వేసిన సారం మిల్లీగ్రాముల్లో, బ్యాక్టీరియా రకం సంఖ్యతో సహా, వలయం, ఎంఐసీ, ఎంబీసీ, రెండు కంట్రోళ్ళ విలువలు ఉండాలి. ప్రభావం లేని సారాల వరుసలను కూడా అలాగే ఉంచండి, అదే మొక్కతో పని మొదలుపెట్టబోయే మరొకరికి అవి కావాలి. నిర్ణయంలో "ప్రయోగశాల ప్లేటులో ఫలానా బ్యాక్టీరియా పెరుగుదలను ఫలానా గాఢత వద్ద ఆపింది" అన్నంత వరకే రాయండి. కణాలపై విషప్రభావ పరీక్షలు, జంతు పరీక్షలు, మనుషులపై పరీక్షలు జరగనిదే ఆ సారం మందుగా పనికొస్తుందని ఈ అంకెలతో చెప్పడానికి వీలుండదు.